నీళ్లపాలైన 180 డాలర్లు

మా ఆవిడకు అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. నిజాన్ని కాస్త ఆలస్యంగా చెబుతాను, అంతే. ఆ శనివారం పొద్దున పెరుగూ కొత్తిమీరా తెమ్మని పంపితే, పెరుగుతో పాటు మూడు ఉక్కు సిలిండర్లు తెచ్చిన సందర్భంలోనూ అదే పద్ధతి పాటించాను. పెరుగు డబ్బా వంటింటి గట్టు మీద పెట్టి, సిలిండర్లను గ్యారేజీలో పాత పరుపు చాటున నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. కొత్తిమీర సంగతి మర్చిపోయాను. కారులో ఉండిపోయిందేమోనని తనే గ్యారేజీలోకి వెళ్లింది.

"ఏమండీ, ఇవేంటి?"

"ఏవి?" అన్నాను. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఈ జవాబు నన్ను ఒక్కసారీ కాపాడలేదు. అయినా నోటికి ముందు అదే వస్తుంది.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన. సముద్రం చూడాలంటే గాల్వెస్టన్ దాకా దాదాపు ఐదు గంటలు కారు తోలాలి. అలాంటి చోట, నలభై ఆరేళ్ల వయసులో, నాకు నీళ్లకింద ఊపిరి పీల్చాలన్న కోరిక పుట్టింది. ఈత కొలనులో పాఠాలు, ఆ తర్వాత టెరెల్ వైపు డైవింగ్ కోసమే నడిపే ఒక చెరువులో పరీక్ష. పాసయ్యాను. కాకపోతే పాఠాలు చెప్పినావిడ నా నడుముకు సీసం దిమ్మలు కడుతూ, "ఇంకోటి వేద్దాం" అని ప్రతిసారీ అనేది. ఎముక మునుగుతుంది, కండ మునుగుతుంది, కొవ్వు తేలుతుంది. పులిహోరతో, గారెలతో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నదంతా నన్ను పైకి తోస్తుంటే, కిందికి లాగడానికి ఆవిడ సీసం తగిలించేది.

అద్దెకిచ్చే అల్యూమినియం సిలిండర్ ఇంకో తంటా. గాలికీ బరువుంటుంది. నిండు సిలిండర్లో రెండున్నర కిలోల పైచిలుకు గాలే ఉంటుంది. అది పీల్చేసేకొద్దీ అల్యూమినియం సిలిండర్ తేలికై, ఆఖర్లో దానంతటదే పైకి తేలుతుంది. నేను పైకి, అది పైకి. ఉక్కుదైతే ఖాళీ అయినా అంతగా తేలదు, ఆ మేరకు నడుముకు సీసం తగ్గించుకోవచ్చు. ఈ ముక్క ఎవరో చెప్పగానే నా చెవికి ఇంకోలా వినిపించింది: ఉక్కు సిలిండర్ కొంటే సన్నబడక్కర్లేదు.

అమ్మినాయన పెద్దాయన. మోకాళ్లు పోయాయి, ఇక దిగలేను అంటూ వాకిట్లో సామానంతా పరిచి కూర్చున్నాడు. మూడు సిలిండర్లు, ఒక్కోటీ 60 డాలర్లు. ఒకటి పసుప్పచ్చ రంగుతో పెళ్లికొడుకులా మెరుస్తోంది. రెండోది కాస్త గీతలు పడింది. మూడోది సన్నగా, పొడుగ్గా, బూడిదరంగు పెచ్చులూడిపోయి, ముసలి ఒంటెలా ఉంది. ఇలాంటి సరుకు కొనేటప్పుడు ఏం చూడాలో నాకేం తెలుసు? పుచ్చకాయ బేరంలో అమ్మ చేసే పనే చేశాను. వేలు మడిచి ఒక్కోదాన్నీ కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాను. మూడూ ఖంగుమన్నాయి. పసుపుది మరీ కమ్మగా మోగినట్టనిపించింది. మూడూ కొనేశాను. బేరం ఆడలేదు. ఆడితే ఆలోచించుకోవడానికి నాకే టైము దొరుకుతుందని భయం.

మా ఆవిడ కేక విని అమ్మ కూడా గ్యారేజీలోకొచ్చింది. తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చి అప్పటికి రెండో నెల. సిలిండర్లు చూసి, "ఏరా, ఇక్కడ గ్యాసు గోడలోంచే వస్తుందన్నావుగా?" అంది.

"వంటకు కాదమ్మా. గాలి నింపుకుంటారు."

"గాలి కూడా కొనాలా ఇక్కడ?" అంటూ వంగి, ముసలి ఒంటె మెడ చుట్టూ బొటనవేలు తిప్పింది. మళ్లీ ఇంకోసారి తిప్పింది. "దీని తేదీ ఏదిరా?"

అమ్మ దగ్గర ఈ విషయంలో ఆటలు సాగవు. మన ఊళ్లో వంటగ్యాస్ సిలిండర్ మెడ దగ్గర లోపలివైపు పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. ఆ పక్కన సంవత్సరం. ఆ గడువులోగా మళ్లీ పరీక్ష చేయించాలి. ఒకసారి గడువు దాటిన సిలిండర్ తెచ్చిన కుర్రాణ్ని అమ్మ గుమ్మం దాటి రానివ్వలేదు. వాడు రెండంతస్తులు మోసుకొచ్చిందాన్ని మళ్లీ దించుకుపోయాడు. ఎమ్మెస్ చదివి, ఇరవై ఏళ్లుగా ఇతరుల సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టి జీతం తీసుకుంటున్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

ఫోన్ లైటు వేసి వెతికితే దొరికాయి. ఉక్కు మీద సుత్తితో దిగ్గొట్టిన అక్షరాలు: 3ఏఏ, పక్కనే 2250, కింద 6, 71, చివర ఒక కూడిక గుర్తు. 3ఏఏ అంటే ఉక్కు రకం, 2250 అంటే చదరపు అంగుళానికి అన్ని పౌన్ల ఒత్తిడి దాకా నింపొచ్చని. కారు టైరులో మనం కొట్టించేది 35. కూడిక గుర్తుంటే ఇంకో పది శాతం ఎక్కువ నింపొచ్చు. 6, 71 అంటే 1971 జూన్.

"డెబ్భై ఒకటా? నా పెళ్లయిన ఏడే!" అంది అమ్మ. ఆ క్షణం నుంచి ముసలి ఒంటె మీద ఈగ వాలనివ్వలేదు.

ఆ తేదీల వరసలో ఒక్కో పరీక్షకూ ఒక్కో గుర్తు ఉంది. ముగ్గు చుక్కల్లా నాలుగు మూలలా నాలుగక్షరాలు, అవి పరీక్ష చేసిన వారి నంబరు. ఎడమవైపు నెల, కుడివైపు సంవత్సరం. ఆఖరి ముగ్గు పక్కన 03 ఉంది. ఇక్కడి చట్టం ప్రకారం ఐదేళ్లకోసారి చేయించాల్సిన పరీక్ష అది. "మన దగ్గర ఎప్పుడు గడువు తీరుతుందో రాస్తారు, వీళ్లు ఎప్పుడు చూశారో రాసి ఊరుకుంటారేంట్రా! లెక్క మనం కట్టుకోవాలా?" అంది అమ్మ. ఆ లెక్కే కట్టుకోకుండా నేను 180 డాలర్లు ఇచ్చొచ్చాను.

గాలి నింపే డైవింగ్ షాపు కుర్రాడు తేదీ చూసి చేతులు కట్టుకున్నాడు. హైడ్రో, అంటే ఆ ఐదేళ్ల పరీక్ష, అయితేనే నింపుతాను, ఆపైన ఏడాదికోసారి లోపల దీపం పెట్టి చూసే చూపుల పరీక్ష స్టిక్కర్ కూడా ఉండాలి అన్నాడు. ఈ రెండోది చట్టం కాదట, ఈ వృత్తిలోవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. పెళ్లిచూపులకే ఇన్ని కట్టుబాట్లు లేవు.

హైడ్రో చేసేది ఎవరనుకున్నారు? మంటలార్పే ఎర్ర సిలిండర్ల కంపెనీవాళ్లు. ఊరి చివర గోదాముల మధ్య ఒక రేకుల షెడ్డు. అమ్మ కూడా బయల్దేరింది. చీర, దాని కింద స్పోర్ట్స్ బూట్లు, పైన నా పాత ఆఫీసు జాకెట్. అక్కడి పెద్దమనిషి మమ్మల్ని నేల మీది పసుపు గీతకు ఇవతల నిలబెట్టాడు.

ముందు పసుపు పెళ్లికొడుకుని పడుకోబెట్టి, అడుగున ఉన్న రబ్బరు తొడుగు లాగాడు. అందులోంచి కొన్ని నీళ్లు, కొంత ఇసుక, ఇంత ఎర్రటి ముద్ద రాలాయి. తొడుగు లోపల ఏనాటిదో ఉప్పునీరు నిలిచి ఉక్కును తినేసింది. గోరు పెడితే దిగేంత గుంటలు. పైన వేసిన కొత్త రంగంతా ఆ గుంటల మీద అలంకారమే. పరీక్ష దాకా కూడా వెళ్లక్కర్లేదని తేల్చేశాడు.

అమ్మ నావైపు చూడకుండానే, "కింద తిప్పి చూశావా కొనేటప్పుడు?" అని అడిగింది.

"కొట్టి చూశానమ్మా."

"పుచ్చకాయనైనా తిప్పి చూస్తార్రా."

తర్వాత ముసలి ఒంటె వంతు. దాన్ని నీళ్లతో నింపి, నీళ్లున్న ఒక ఉక్కు గంగాళంలోకి దించి మూత బిగించాడు. గాలితో ఎందుకు చేయరని అడిగాను. గాలి నొక్కుకుపోతుంది, పగిలితే ఆ నొక్కినదంతా ఒక్కసారి బయటికొచ్చి షెడ్డు లేచిపోతుంది. నీరు నొక్కుకోదు గనక పగిలినా బుస్సుమని కారి ఊరుకుంటుంది అన్నాడు. నింపాల్సిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు దాటి, మూడింట ఐదు వంతుల లెక్కన పెంచుతారు. 2250కి 3750. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఉక్కు రవ్వంత ఉబ్బుతుంది, ఉబ్బినంత మేర గంగాళంలోని నీరు పక్కనున్న సన్నటి గాజు గొట్టంలోకి ఎక్కుతుంది. అర నిమిషం పట్టి ఉంచి, వదిలేశాడు. నీరు దిగింది. దిగి, బయల్దేరిన గీత దగ్గరికి ఇంచుమించు చేరి ఆగింది. ఉబ్బిన మొత్తంలో పదో వంతుకు మించి ఉబ్బు మిగిలిపోతే ఆ సిలిండర్ పనికిరాదు. దీనికి మిగిలింది దాదాపు సున్నా.

యాభై ఏళ్లు దాటిన ఉక్కు అంత ఒత్తిడి భరించి మళ్లీ నడుం సన్నం చేసుకుంది. నేను సంక్రాంతికి ఉబ్బింది ఉగాదికి కూడా దిగను. ఈ మాట నేను పైకి అనలేదు. ఇంటికొచ్చాక అమ్మ గాజు గొట్టం సంగతి వివరిస్తుంటే మా ఆవిడ పూర్తిగా విని, నా బెల్టువైపు ఒకసారి చూసి, "గంగాళం పెద్దది దొరుకుతుందా అత్తయ్యా?" అంది.

గీతల సిలిండర్ కూడా గట్టెక్కింది. పసుపుదానికి మాత్రం మెడ మీది అంకెలపై వరసగా ఇంటూ మార్కులు దిగ్గొట్టారు, ఇంకెవరూ పొరపాటున నింపకుండా. టంగు, టంగు, టంగు. మూడో తరగతిలో నా లెక్కల పలకే గుర్తొచ్చింది.

ఖర్చు లెక్క మా ఆవిడ రాసింది, నేను చెప్పాను. కొన్నది 180. రెండింటికి హైడ్రో 90. పెళ్లికొడుకు ముఖం చూసినందుకు 20. ఒంటె కడుపులో పల్చటి తుప్పు ఉందని, రాపిడి గులకలు పోసి వెట్ గ్రైండర్లో మినప్పప్పు తిప్పినట్టు కొన్ని గంటలు తిప్పినందుకు 35. వాల్వుల సర్వీసుకు 60. స్టిక్కర్లు రెండింటికి 40. వెరసి 425. అల్యూమినియంవి కొత్తవే ఇంచుమించు రెండు వచ్చేవి. కింద ఇంకో వరస రాసి గీత గీసింది: "కొత్తిమీర, తేలేదు."

నీళ్లలో దిగింది ఎన్నిసార్లంటారా? ఇప్పటికి మూడు. సీసం తగ్గిన మాట నిజమే, ఒక దిమ్మ తీసేశాను. ఒంటెలో పట్టేది దాదాపు రెండు వేల లీటర్ల గాలి. ఒడ్డున కూర్చుని నింపాదిగా పీల్చే మనిషికి గంటన్నర పైన వస్తుంది. పది మీటర్ల లోతుకెళితే సరిగ్గా సగం. నాకు అందులోనూ సగం వచ్చింది. మునిగిన ఒక పాత పడవ కనబడగానే ఉత్సాహంలో రొప్పాను.

ఆ రోజు షెడ్డులో కొట్టేసిన సిలిండర్ని ఏం చేస్తారని అమ్మ అడిగింది. తుక్కులో వేస్తారన్నాను. "ఇంత ఉక్కా?" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. పాత ఇనప సామాన్లవాడితో పావుకిలో దగ్గర పేచీ పడే మనిషి. ఆవిడ ముఖం చూసి ఆ పెద్దమనిషి నవ్వి, దాన్ని అడ్డంగా కోయించి పై సగం మాకిచ్చాడు. డైవర్లు ఇలాంటి వాటిని గంటలుగా వేలాడదీస్తారట.

గ్యారేజీ దూలానికి తాడు కట్టి వేలాడదీశాం. అమ్మ వంటింట్లోంచి ఇత్తడి గరిటె తెచ్చి ఒక్కటి వేసింది. ఆ మోత వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఎదురింటి కుక్క లేచి కూర్చుంది. "మోత విషయంలో మాత్రం నువ్వు సరిగ్గానే విన్నావురా నాన్నా" అంది అమ్మ, ఉదారంగా.

అమ్మ తెనాలి వెళ్లిపోయింది. గరిటె ఇప్పుడు మా ఆవిడ చేతిలో ఉంది. మొన్న శనివారం కొత్తిమీరకని బయల్దేరి, నాలుగిళ్ల అవతల గ్యారేజీ సేల్‌లో ఒక పాత టెలిస్కోపు దగ్గర ఆగాను. వేలు మడిచి గొట్టం మీద కొట్టి వింటున్నాను. అప్పుడే గంట మోగింది. టెలిస్కోపు ఎక్కడిదక్కడ పెట్టి గబగబా ఇంటికొచ్చేశాను.

ఈసారి కింద తిప్పి చూశాలెండి. ధర కూడా కనుక్కున్నాను.