‘మర్సిపోవాకురా’: టీకా తాత్పర్యము

మూలము:
“ఇందూపురంలో చింతపండు, పెనుగొండలో పెద్దత్త, ధర్మారంలో చీర. మర్సిపోవాకురా, మర్సిపోవాకురా, మర్సిపోవాకురా, మర్సిపోవాకురా, మర్సిపోవాకురా!”

అవతారిక: బెంగుళూరులో రైలెక్కిన కొడుకునకు తల్లి ఫోనులో చేసిన ఉపదేశమిది. ఊళ్ల వరుస రైలుదారి వరుసయే; కవయిత్రి కల్పన గాదు.

ప్రతిపదార్థము: ఇందూపురంలో = హిందూపురమందు (హకారము మింగుట ఆ సీమ అలవాటు); చింతపండు = ఏడాది చారునకు వలసిన పులుపు; పెనుగొండలో = 1565 తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజులు రాజధానిగా చేసికొన్న ఊరిలో; పెద్దత్త = రాజులు పోయినను అచ్చటనే యున్నది; ధర్మారంలో = పట్టుమగ్గముల ధర్మవరమందు; చీర = చెల్లెలి పెండ్లిది; మర్సిపోవాకు = మరువకుము; రా = చనవు, కొంత అపనమ్మకము.

వ్యాఖ్య: ఒకే క్రియ ఐదుమార్లు వచ్చినది, పునరుక్తి దోషము గదా యందురేని, కాదు. 2000లో నోబెల్ అందుకొన్న ఎరిక్ కాండెల్ ఏప్లీసియా యను సముద్రపు నత్తను పట్టి, మరల మరల తగిలినదే జ్ఞాపకముగా నిలుచునని తేల్చెను. తోకపై ఒక్క షాకు తగిలిన నత్తకు ఆ బెదురు నిమిషములే. ఎడమెడముగా నాలుగైదు తగిలినచో దినములు నిలుచును.

ఒక్కసారికి జరుగునది స్వల్పము. సెరటోనిన్ వచ్చును, నాడీకణములో సైక్లిక్ ఏఎంపీ పెరుగును, ప్రోటీన్ కైనేజ్ ఏ మేలుకొని ఉన్న ప్రోటీనులకే ఫాస్ఫేటు తగిలించును. పాత చీరకు గంజి పెట్టినట్లు, ఒక ఉతుకుతో సరి. మరల మరల తగిలినప్పుడో, ఆ కైనేజే కణకేంద్రములోనికి పోయి క్రెబ్-1 అను ప్రోటీనును లేపును; దారికడ్డముగా కూర్చున్న క్రెబ్-2 తప్పుకొనును; జీనులు పలుకును; కొత్త ప్రోటీనులు పుట్టి నాడీకణముల నడుమ కొత్త సంధులు మొలచును. ఇది గంజి గాదు, మగ్గముపై జకార్డు అట్టలు కట్టి కొత్త చీర నేయుట.

ఆ సైక్లిక్ ఏఎంపీ పుట్టునది ఏటీపీ యను అణువునుండి, ఆ ఫాస్ఫేటును ఏటీపీదే. దానిని 1929లో హార్వర్డులో ఫిస్కేతో గూడి వెల్లడించినవాడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (అదే ఏట జర్మనీలో లోమాను కూడ దానిని కనుగొనెను, పంపకము మనకేల?)

ఆక్షేపము: అట్లయిన కొడుకు చింతపండును ఏల మరచెను? మరచెను సుమా, ధర్మవరములో చీర పెట్టె చంకన పెట్టుకొని ఫోను చేసినప్పుడు బయటపడినది.

సమాధానము: తల్లి ఐదింటిని ఒక్క గుక్కలో పలికెను. నత్తకైనను నడుమ ఎడము కావలెను; గుక్క తిప్పుకొనక పలికిన ఐదు, క్రెబ్ లెక్కలో ఒకటికి దగ్గర. చీర సంగతి చెల్లెలు నెలగా ప్రతి పూటా చెప్పుచున్నది. పెద్దత్తను మరచుట ఆ వంశమున ఎవరికిని సాధ్యపడలేదు.

తాత్పర్యము: తిరుగు రైలులో హిందూపురమున దిగి చింతపండు కొనవలెనని. ఈ యర్థము మూలమున లేదు. రెండవ ఫోనులో కలదు.