మూడు బోర్ల కారు

కడప జిల్లాలో హార్స్ పవర్ తెలియడానికి గుర్రాన్ని చూసి ఉండక్కర్లేదు, బోరు మోటరు చాలు. "అయిదు హెచ్‌పీ" అన్నామంటే ఎంత లోతు నుంచి నీళ్లు తోడుతుంది, ఎన్ని చెట్లు తడుస్తాయి, ఎండాకాలంలో ఎన్నిసార్లు వైండింగు కాలుతుంది, అన్నీ చెప్పేసినట్టే. వేంపల్లె దగ్గర మా బావకు చీనీ తోట ఉంది. ఆ తోటలో మోటరు ఏడున్నర. కాబట్టి ఈ లోకంలో ఏ యంత్రం ఎదురైనా ఆయన దాన్ని ఏడున్నరతో భాగిస్తాడు.

బెంగళూరులో ఉద్యోగం చేసే ఆయన కొడుకు, అంటే నా మేనల్లుడు, ఓ రోజు ఫోన్ చేసి "నాయనా, కారుకు ఇంకో 25 హెచ్‌పీ పెంచుతాండా" అన్నాడు.

"మూడు బోర్లు," అన్నాడు బావ, తడుముకోకుండా. "ముందు ఉండేదెంత?"

"105."

"పద్నాలుగు బోర్లు! పద్నాలుగు బోర్లు పెట్టుకోని ఇంకా సాల్లేదంట్రా నీకు? యాడికి పారిచ్చావు అంత నీళ్లు?"

ఇదీ మా ఇంట్లో కారు గొడవకు నాంది. బావ పక్కన కూర్చుని ఉన్న నేను కర్నూలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కావడంతో మధ్యవర్తి పదవి నాకే దక్కింది. ఆ పదవికి జీతం లేదు, రెండు వైపుల నుంచీ తిట్లు మాత్రం ఉంటాయి.

కారు సంగతి చెప్పాలి. వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండు. 2013లో మన దేశంలో దిగిన మోడలు. 1.2 లీటర్ల ఇంజిన్ ఓ చిన్న టర్బో సాయంతో 105 హెచ్‌పీ ఇస్తుంది. మేనల్లుడు దాన్ని స్పోర్ట్స్ కారు అంటాడు. మా అక్క "ఆ చిన్న కారు" అంటుంది. ఆ కంపెనీ పేరు చెబితే మా వయసు ఆంధ్రావాళ్లకు ఇంకో కథ కూడా గుర్తుకొస్తుంది. 2005లో ఈ ఫ్యాక్టరీ విశాఖకు వస్తుందని మన ప్రభుత్వం ఓ డొల్ల కంపెనీకి 11 కోట్లు కట్టింది. డబ్బు అటు పోయింది, ఫ్యాక్టరీ పుణె పక్కన చకన్‌కు పోయింది. మా వాడి పోలో ఆ చకన్ బిడ్డే. "మన డబ్బుతో పుట్టాల్సింది, మహారాష్ట్రలో పుట్టింది" అని నేనంటే, వాడు "మామా, పాత కథలు వద్దులే, దానికి ఊపిరి ఆడడం లేదు, అది చూడు" అన్నాడు.

ఊపిరి ఆడకపోవడం అంటే ఇదీ. పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చూస్తే తొమ్మిది వేల లీటర్ల గాలి. కర్నూలు నుంచి కడప దాకా పదిహేను లీటర్ల పెట్రోలు ఖర్చయిందనుకుంటే లక్షా ముప్పై అయిదు వేల లీటర్ల గాలి పీల్చినట్టు. మా వీధికి వచ్చే అయిదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లతో కొలిస్తే ఇరవై ఏడు ట్యాంకర్లు. ఇదంతా ఓ నల్లటి ప్లాస్టిక్ డబ్బాలోంచి, అందులో మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరులోంచి పోవాలి. ఆ డబ్బా పీకేసి, మడతల కాగితానికి బదులు నూనె రాసిన నూలు వలతో చేసిన, గరాటా ఆకారపు ఫిల్టరు తగిలిస్తే గాలి ధారాళంగా వస్తుంది, ఆపైన కంప్యూటరులో రాతలు మార్చి, టర్బో ఒత్తిడి పెంచి, పెట్రోలు కాస్త ఎక్కువ పోయిస్తే పాతిక గుర్రాలు అదనం. అదీ వాడి వాదం. కాగితం మీద వాదం సరైనదే. ఫిల్టరు ఖరీదు విన్నాక బావ "నూలు వలకా? చేనేత సొసైటీలో ఇంతకన్నా అగ్గువ" అన్నాడు.

"బెంగళూరు గాలి చల్లగా ఉంటాది మామా, చల్ల గాలి బరువు. ఇంజిన్‌కు మంచిది. మన కడపలో ఏముంది, సెగ" అని వాడు సొంతూరిని తీసిపారేసినప్పుడు మాత్రం నాకు రోషమొచ్చింది. పాతికేళ్లు ఇదే పాఠం చెప్పినవాణ్ణి, ఊరుకుంటానా! బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ 25 డిగ్రీల వేళ ఘనపు మీటరు గాలి 1.06 కిలోలు తూగుతుంది. కడప 140 మీటర్ల ఎత్తులో కూడా లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం, 43 డిగ్రీల ఎండలో, కుక్కలు కూడా నీడ వదలని వేళలో లెక్క కట్టినా 1.09 వస్తుంది. అంటే మండే కడప గాలి చల్లని బెంగళూరు గాలికన్నా బరువే. కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే బావ ఆనందం చెప్పతరం కాదు. అర్థమై కాదు. కడప గెలిచినందుకు.

మేనల్లుడు ఓటమి ఒప్పుకునే రకం కాదు. వాడి దగ్గరా నిజముంది. బరువొక్కటే చాలదు, వేడి కూడా లెక్కే. టర్బో గాలిని కుక్కేటప్పుడు అది ఇంకా కాగుతుంది. బాగా కాగిన గాలి సిలిండర్లోకి పోతే స్పార్క్ ప్లగ్గు పెట్టిన నిప్పు అంతటా పాకేలోపే మిగిలిన పెట్రోలు దానంతటది భగ్గుమంటుంది. లోపల టకటకమని కొడుతుంది. నాకింగ్ అంటారు దాన్ని. కారు కంప్యూటరు ఆ చప్పుడు పసిగట్టి, నిప్పు పెట్టే వేళను వెనక్కు జరుపుతుంది. ఇంజిన్ బతుకుతుంది, గుర్రాలు చస్తాయి. కనుక బెంగళూరులో కొన్న పాతిక గుర్రాల్లో ఎన్ని కడప పొలిమేర దాటి లోపలికొస్తాయో ఎండ తేలుస్తుంది.

వాడు ఆగలేదు. బెంగళూరులో ఎవరో కుర్రాడు లాప్‌టాప్ తగిలించి అరపూటలో పని ముగించాడట. "95 ఆక్టేన్ పెట్రోలే పోయించు, మామూలుది వద్దు" అని హెచ్చరించాడట. 95 అనేది నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత. నంద్యాల దాటాక ఓ బంకులో మావాడు దీన్ని వివరంగా అడిగితే అక్కడి పిల్లోడు పైపు చేతిలో పట్టుకుని "అన్నా, ఉండేది ఇదే. పోద్దునా, వద్దా?" అన్నాడు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాలు వచ్చి చేరింది కదా. ఇథనాల్ నాకింగ్‌ను బాగానే ఆపుతుంది, కాని లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకునే పద్ధతి మన ప్రభుత్వాలకు కొత్తేమీ కాదు.

కారు ఊరు చేరింది. శబ్దం దానికన్నా ముందే చేరింది. కాలు నొక్కితే గరగరా పీలుస్తుంది, తీస్తే "ఫుస్స్" అంటుంది. మొదటిసారి వినగానే మా అక్క గబగబా బయటికొచ్చి "నాయనా, టైర్లో గాలి పోతాండాది చూడు" అంది. ఆ ఫుస్సు కోసం వాడు పోసిన డబ్బు ఎంతో అక్కకు ఇప్పటికీ తెలియదు, తెలియనివ్వను కూడా.

నాకు చూపించాలని గువ్వలచెరువు ఘాట్‌కు తీసుకెళ్లాడు. కడప నుంచి రాయచోటి పోయేదారి, మలుపు మీద మలుపు. మొదటి మలుపులోనే మా ముందు ముగ్గురాయి లోడు లారీ. మంగంపేట ముగ్గురాయి అనుకుంటా, లారీ నడుము వంగిపోయింది. దాని వెనకాల నూట ముప్పై గుర్రాల మా కారు, పెద్దమనిషి వెనక నడిచే కొత్తకోడలిలా, మెల్లగా కొండెక్కింది. దాటడానికి దారి లేదు. అడ్డొచ్చే మలుపుల్లో దాటబోయి ఎన్ని బండ్లు లోయలో పడ్డాయో ఆ ఘాట్ తెలిసిన ఎవరిని అడిగినా చెబుతారు, మావాడికీ తెలుసు. మధ్యమధ్య ఫుస్సుమనిపించి సంతోషపడ్డాడు. పైన గువ్వలచెరువులో పాలకోవ తిన్నాం. ఆ రోజు మొత్తంలో ఖర్చుకు తగిన ఫలితం కనిపించింది అక్కడొక్కచోటే.

సినిమావాళ్లు మా సీమకు రాసిచ్చిన బండి టాటా సుమో. 1994లో వచ్చిన ఆ సుమోకు రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్, అరవై చిల్లర హెచ్‌పీ. బావ లెక్కలో ఎనిమిదీ తొమ్మిది బోర్లు. ఆ మాత్రం బలంతోనే అది పదేళ్లపాటు తెర మీద గాల్లో ఎగిరింది. ఏ సినిమాలోనూ హీరో బానెట్ ఎత్తి ఫిల్టరు మార్చినట్టు గుర్తు లేదు.

అసలు పరీక్ష రోడ్డు మీద జరిగింది. నంద్యాల నుంచి కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు పోయేదారి. శనగ కోతల కాలం. ఊరూరా రోడ్డు మీద శనగ కట్టె పరిచి ఉంటుంది. బండ్లు తొక్కితే కాయ పగులుతుంది, కూలి ఖర్చు మిగులుతుంది. లారీ వస్తే రైతు సంబరపడతాడు, బస్సు వస్తే చేతులెత్తి దండం పెడతాడు. మా కారు నేలకు అంత దగ్గరగా ఉండడం చూసి ఓ ముసలాయన "ఇదేం తొక్కుతాదిలే, పానీ" అని కట్టె మీదే పంపించాడు. ఎంత తొక్కిందో తెలియదు గాని పీల్చడం మాత్రం బాగా పీల్చింది.

కర్నూలు వచ్చాక కారు మందగించింది. డాష్‌బోర్డులో పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగి ఆరనంటోంది. బళ్లారి చౌరస్తా దగ్గర నాకు తెలిసిన మెకానిక్ భాయ్ ఉన్నాడు. ట్రాక్టర్లతో మొదలెట్టి కార్లలోకొచ్చినవాడు. ఫిల్టరు ఊడదీసి, కింద పేపరు పరిచి, తలకిందులు చేసి తట్టాడు. అందులోంచి మొదట శనగ పొట్టు రాలింది. తరవాత రెక్కలు విరిగిన మిడత ఒకటి. ఆ కింద నల్లరేగడి దుమ్ము, ముద్దనూరు దగ్గర థర్మల్ స్టేషన్ బూడిద ట్యాంకర్ల వెంట వచ్చిన బూడిద, బేతంచెర్ల నాపరాయి మిషన్ల తెల్ల పొడి. నూనె రాసిన వల కావడంతో పొడంతా ముద్దకట్టి పొరలు పొరలుగా అంటుకుంది. పొర తరవాత పొర గోకుతూ మేం ఏ ఊళ్లు తిరిగామో భాయ్ వరసగా చెప్పేశాడు. ఒక్కచోటే తప్పాడు, ఆళ్లగడ్డ శిల్పుల రాతిపొడి కూడా ఉంటుందనుకున్నాడు. మేం అటు పోలేదు.

"తమ్ముడూ, ఇది ఎక్కడ తయారైంది?"

"అమెరికా, భాయ్."

"అక్కడ మట్టి లేదా?"

తరవాత భాయ్ మూలకు పోయి పాత ట్రాక్టరుది ఆయిల్ బాత్ క్లీనరు తెచ్చి ముందు పెట్టాడు. కింద గిన్నెలో ఇంజిన్ ఆయిలు. గాలి పైనుంచి దిగి, గిన్నెలో నూనె మీద ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. గాలి తిరుగుతుంది, బరువైన మట్టి తిరగలేక నూనెలో పడుతుంది. మిగిలిన సన్నదుమ్మును పైనున్న తీగల వల పట్టుకుంటుంది. గిన్నె నిండితే పారబోసి, డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిలు పోస్తే సరి. మా సీమలో ట్రాక్టరు దుక్కిలో సగం పూట తాను లేపిన దుమ్ములోనే తాను నడుస్తుంది, అయినా బతుకుతుంది. ఎందుకు బతుకుతుందో ఆ గిన్నె చూస్తే తెలుస్తుంది. స్పోర్ట్స్ కారు ఫిల్టరు గాలిని ఎంత లోపలికి రానిద్దామా అని ఆలోచిస్తే, ట్రాక్టరుది దేన్ని రానియ్యకూడదా అని ఆలోచిస్తుంది. మట్టిలో ఇసుక రేణువు సిలిండరు గోడను గీరుతుంది. అంతకన్నా ముందు నిమిషానికి లక్షకు మించి చుట్లు తిరిగే టర్బో రెక్కలను అరగదీస్తుంది.

ఇంకోటి కూడా భాయ్ చూపించాడు. కంపెనీ డబ్బా ముక్కు బయటికి, గ్రిల్ పక్కకు తెరుచుకుని ఉండేది. బయటి గాలి నేరుగా పీల్చేది. దాన్ని తీసి తగిలించిన ఈ గరాటా ఇంజిన్ పక్కనే కూర్చుంది. మావాడి ఫోనులో చూస్తే బయట 41, గరాటా దగ్గర 60 దాటింది. చల్లగాలి కోసం డబ్బులు పోసి పొయ్యి పక్కన ముక్కు పెట్టినట్టయింది. నా బెంగళూరు, కడప లెక్క కూడా దీంతో వట్టిపోయింది, ఎందుకంటే ఇంజిన్ పీల్చేది ఏ ఊరి గాలీ కాదు, బానెట్ కింది గాలి.

చట్టం ముక్క మా పక్కింటి వకీలు అందించాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన లెక్కలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎను తిరగరాశారు. బండి సొంతదారు చట్టం ఒప్పుకోని మార్పు చేస్తే మార్పుకు 5,000 చొప్పున జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

"మార్పుకొకటా, కారుకొకటా?" అని బావ ఆత్రంగా అడిగాడు.

"మార్పుకే."

బావ వేళ్లు మడిచాడు. ఫిల్టరు, పైపు, కంప్యూటరు. ఫిల్టరు మార్పు కిందికి వస్తుందా రాదా అని వకీలు ఇంకా నసుగుతున్నాడు. బావ మాత్రం ముందే గుణించేశాడు. "బోరుకు అయిదు వేలు. పోన్లే, రిగ్గోడికన్నా నయం."

పాత నల్లడబ్బా మళ్లీ ఎక్కింది. కొత్త కాగితపు ఫిల్టరు ఖరీదు కొన్ని వందలే. కంప్యూటరులో రాతలు మాత్రం వాడు మార్చనివ్వలేదు. ఫుస్సుమనే చప్పుడు కూడా తగ్గింది. అక్క అది విని "పంచరు ఏయించినట్టుండారు" అని నెమ్మదించింది.

మావాడు నెమ్మదించలేదు. మొన్న పండక్కు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని కొత్త పథకం చెప్పాడు. ఇంజిన్‌లోకి పోయే గాలి మీదికి నీళ్లూ మెథనాలూ కలిపి సన్నగా చిమ్మే పరికరం ఉంటుందట. నీళ్లు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి, నాకింగ్ పోతుంది, ఎండాకాలంలో చచ్చిన గుర్రాలు లేచి కూర్చుంటాయి. ఫిజిక్స్ ప్రకారం తప్పులేదు, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల్లో వాడిన పద్ధతే. నేను తలూపాను.

బావ చీనీకాయ ఒలుస్తూ ఒలుస్తూ ఆగాడు. తోటలో ముందటేడు వేసిన బోరు తొమ్మిదొందల అడుగులు పోయి దుమ్ము కక్కింది. ఆ పక్కనే ఇంకోటి వెయ్యి దాటింది, తడి కూడా తగల్లేదు.

"ఏం చిమ్ముతాదన్నావ్?"

"నీళ్లు, నాయనా."

"నీళ్లు! కారుకు!" బావ కాయ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "సారూ, వాణ్ణడుగు, యాడ పడినాయో ఆ నీళ్లు. రేపే రిగ్గు పిలిపిచ్చా."