బారాత్‌కా, అప్పగింతలకా?

1981లో ఎల్విస్ కాస్టెల్లో అనే ఇంగ్లండు రాక్ గాయకుడు తన ‘అట్రాక్షన్స్’ బ్యాండును వెంటేసుకుని అమెరికాలోని నాష్‌విల్‌కు పోయి, అక్కడి పాత కంట్రీ పాటలన్నీ ఏరి ‘ఆల్మోస్ట్ బ్లూ’ అని ఒక ఆల్బం చేశాడు. దాని అట్ట మీద ఒక హెచ్చరిక చీటీ అంటించారు. ఇందులో కంట్రీ పాటలున్నాయి, బుద్ధి ఇరుకైన వాళ్ల మనసు నొచ్చుకోవచ్చు, ఆపైన మీ ఇష్టం అన్నట్టు. రాక్ వినేవాడికి కంట్రీ అంటే అంత నామోషీ అన్నమాట. తాతల కాలపు పల్లెటూరి ఏడుపు అని వాళ్ల లెక్క.

ఒకరి పాట ఇంకొకరు పాడినప్పుడల్లా చీటీ అంటించాలనే రూలు మా పాతబస్తీలో గనక పెడితే, ఛత్తాబజార్ ప్రెస్సుల వాళ్లు పెళ్లిపత్రికలు పక్కన పడేసి రాత్రింబగళ్లు చీటీలే అచ్చెయ్యాలి. ఇక్కడ ఎవడి పాట వాడు పాడుకున్న దాఖలా తక్కువ.

ఈ గొడవ నాకెందుకంటే మా మేనల్లుడి వల్ల. లాల్ దర్వాజాలో మా ఇంటి మేడ మీద, నీళ్ల ట్యాంకు కింది గదిలో వాడి రాక్ బ్యాండు కాపురం. ఇద్దరు గిటార్లు, ఒకడు డ్రమ్ములు, ఒకడు కేకలు. కేకలు వేసేది మావాడే. ఆ గదికి ఆనుకున్న గోడ మీద పావురాలు వాలడం మానేసి చాలా కాలమైంది. అలాంటిది ఒక సాయంత్రం పైనుంచి మెల్లగా, తీరిగ్గా, ముక్కుతో రాగం తీస్తున్న పాట వచ్చింది. మా అమ్మ కంగారుపడి, పిల్లగానికి జ్వరమేమన్నా వచ్చిందేమో చూసి రమ్మంది.

జ్వరం కాదు, ఆల్బం. “మామా, పాత కంట్రీ పాటలన్నీ మా ఇస్టయిల్ల కొడ్తున్నం” అన్నాడు మావాడు. వినిపించాడు కూడా. అమ్మ మొత్తం విని, చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒకటే అడిగింది: “పాట మంచిగనే ఉంది బిడ్డా. పోయిందెవరు?”

అమ్మ తప్పేం అడగలేదు. కంట్రీ పాటలో ఎవరో ఒకరు పోవాల్సిందే. పెళ్లాం పుట్టింటికన్నా పోవాలి, మొగుడు జైలుకన్నా పోవాలి, లేకపోతే రైలన్నా వెళ్లిపోవాలి. కాస్టెల్లో ఆల్బంలో బాగా పేరొచ్చిన పాటకు అసలు గాయకుడు జార్జ్ జోన్స్, 1970 నాటిది. అందులో భార్య ఇల్లు విడిచి పోతుంటే ఆ మొగుడు సిగరెట్ ముక్కల మీది లిప్‌స్టిక్ మరకలు చూసుకుంటాడు, పెరట్లో గులాబీల సంగతి మాట్లాడతాడు. మావాడు గొంతు బొంగురు చేసుకుని ఈ కథంతా అమ్మకు చెప్పాడు. “పెండ్లాం పోతుంటే చెట్లకు పూలు పూసినయా లేదా అని చూస్తడా? గందుకే పోయింది” అంది అమ్మ. ఆ పాట మీద ఇంతకన్నా మంచి సమీక్ష ఎవరైనా రాసి ఉంటారని నేననుకోను.

మావాడు మొదటివాడేమీ కాదు. అరిచి అరిచి అలిసిన ప్రతి రాక్ బ్యాండూ ఏదో ఒక రోజు నాయనమ్మ పాటల దగ్గరికి చేరుతుంది. 1968లో ‘బర్డ్స్’ చేరారు. అప్పటికే పెద్ద పేరున్న రాక్ బ్యాండు వాళ్లది. నాష్‌విల్‌లో కంట్రీ పాటకు గుడిలాంటి గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక ఎక్కారు. ఫలానా మెర్ల్ హాగర్డ్ పాట పాడతారని పైనుంచి ప్రకటన వస్తే, గ్రామ్ పార్సన్స్ అనే వాళ్ల కుర్రాడు అది కాదని సొంత పాట ఎత్తుకుని, దాన్ని నాయనమ్మకు అంకితమిచ్చాడు. వేదిక పెద్దలకు కోపమొచ్చింది. 2006లో ‘మీ ఫస్ట్ అండ్ ద గిమ్మీ గిమ్మీస్’ అనే పంక్ జట్టు కంట్రీ పాటల్ని నిమిషాల్లో ఊది పారేసి ఒక ఆల్బం వదిలింది. అన్నిటికన్నా నాకు నచ్చినవాళ్లు ‘వీన్’. 1996లో నాష్‌విల్ వాద్యగాళ్లను కూర్చోబెట్టుకుని కంట్రీ ఆల్బం చేశారు. పాటలు సొంతవే. పేరు ‘12 గోల్డెన్ కంట్రీ గ్రేట్స్’, లోపల ఉన్నవి 10.

ఇది వినగానే వీళ్లెవరో మావాళ్లే అనిపించింది. పెళ్లికి బ్యాండు మాట్లాడుకోండి, పన్నెండు మంది అంటారు. పన్నెండు ఎర్రకోట్లు వస్తాయి. ఊదేది పది మందే. మిగతా ఇద్దరు ట్రంపెట్ నోటి దగ్గర పెట్టుకుని బుగ్గలు మాత్రం పొంగిస్తారు. బుగ్గలకు కూడా డబ్బు లెక్కే.

ఆల్బంకు బాంజో కావాలన్నాడు మావాడు. పాతబస్తీలో ఒక వాద్యాల దుకాణానికి పోయాం. దుకాణదారు మెట్లెక్కి, దుమ్ము దులిపి, ఒక పొడుగాటి పెట్టె దించాడు. పైన టైపురైటరు మీటల్లాంటివి, కింద తీగలు. మన ఖవ్వాలీలలో వినపడే బెంజో. “భయ్యా, ఇది కాదు, బాంజో” అన్నాడు వీడు. “నేనేమంటున్న? బెంజో” అన్నాడాయన. ఇద్దరూ అలా కాసేపు ఒకరినొకరు సరిదిద్దుకున్నారు. చివరికి బెంజోయే ఇంటికొచ్చింది. కౌబాయ్ పాటలో అది మోగితే, గుర్రం దిగి దర్గా మెట్లెక్కుతున్నట్టుంటుంది. ఆల్బం మొత్తంలో బాగున్నది అదొక్కటే అని నా అభిప్రాయం. మావాడికి చెప్పలేదు.

అయినా అసలు బాంజో మాత్రం ఎవరిది? అమెరికాకు బానిసలుగా తోలుకుపోయిన ఆఫ్రికా వాళ్ల చేతుల్లో పుట్టి, తెల్లవాళ్ల కంట్రీ పాటకు గుర్తయి కూర్చుంది. ఇక్కడా అదే వరస. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు, ఆఫ్రికా నుంచి సిద్దీలు వచ్చారు. వాళ్ల బ్యారక్సులున్న చోటు బార్కస్, ఆఫ్రికన్ కావల్రీ గార్డులున్న చోటు ఏసీ గార్డ్స్ అయ్యాయి. వాళ్ల పెళ్లిళ్లలో మోగిన మర్ఫా దరువు తీన్‌మార్ పేరుతో గణేశ్ నిమజ్జనంలో దూరింది, బోనాల్లో దూరింది, పవన్ కల్యాణ్ సినిమాకు పేరైంది, చివరికి టీవీలో వార్తలు కూడా చదువుతోంది. ఎవరూ అట్ట మీద చీటీ అంటించలేదు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. నొచ్చుకునే తీరికేది, అప్పటికే అందరూ ఎగురుతున్నారాయె.

ఆల్బం పూర్తయ్యాక మావాడికి ఒక నిపుణుడి మాట కావాలనిపించింది. శాలిబండ వైపు నాకు తెలిసిన బ్యాండు మాస్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆషాఢం కాబట్టి మనవైపు పెళ్లిళ్లు లేవు. మా లాల్ దర్వాజా బోనాలకు ఇంకా గడువుంది. మాస్టరు ఖాళీగా ఉన్నాడు. గోడకు ఎర్రకోట్లు వరసగా వేలాడుతున్నాయి, జరీ తాళ్లు కొన్ని పిన్నీసుల మీద ఆధారపడి ఉన్నాయి. ఫోనులో జార్జ్ జోన్స్ పాట పెడితే, ఆయన క్లారినెట్ రీడు నోట్లో నానబెట్టుకుంటూ కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయిపోయాక రీడు తీసి అడిగాడు.

“బారాత్‌కా, అప్పగింతలకా?”

మావాడు ఓపిగ్గా వివరించబోయాడు. ఇది నివాళి అనీ, పాత పాటకు కొత్త చూపనీ, రాక్ బ్యాండ్ల పరంపరలో దీనికో స్థానముందనీ. మాస్టరు చెయ్యెత్తి ఆపాడు. “ముచ్చటేంది జెప్పు. ఆడమనిషి ఇల్లిడిచి పోతున్నది, అంతే గద? అప్పగింతలు.”

రీడు బిగించి, ఒక్కసారి విన్న ఆ బాణీని అక్కడికక్కడే ఊదేశాడు. మధ్యలో మనకు తెలిసిన దేవదాసు గొంతు కూడా కొంచెం కలిసింది. నాకు నిజంగానే ఎవరినో అత్తారింటికి పంపుతున్నట్టయింది. తర్వాత పక్కనున్న కుర్రాడికి సైగ చేశాడు. వాడు డ్రమ్ము అందుకున్నాడు, అదే పాట తీన్‌మార్‌లో పడింది. దుకాణం ముందు చాయ్ గ్లాసులు పంచుతున్న పోరడు స్టాండు కింద పెట్టి మరీ రెండు స్టెప్పులేశాడు. జార్జ్ జోన్స్ పాట్లకు ఎవరైనా ఇంత సంతోషపడి ఉంటారా అనిపించింది.

మావాడు నోరు తెరిచి చూస్తున్నాడు. మాస్టరు క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని వాణ్ని ఎగాదిగా చూసి, నాతో అన్నాడు:

“శ్రావణంల నాకు ఇద్దరు మనుషులు తక్కువ పడ్తున్నరన్నా. వీని దోస్తులు గిటారోళ్లున్నరంటివి గద, కోటు కొలతలు పంపియ్యి. ఏం వాయించే పని లేదు.”