డివైస్ సరిగ్గానే పనిచేస్తోందట!

అక్టోబర్ 14, 2025తో విండోస్ 10కి నూకలు చెల్లాయి. ఇక అందరూ బుద్ధిగా పదకొండుకి మారిపోవాలట. ఖర్చు లేదు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి అన్నారు. ఫైళ్లు నిజంగానే ఎక్కడివక్కడ ఉంటున్నాయి. కొందరికి డీవీడీ రైటరే ఉండటం లేదు. సీ డ్రైవ్ ఉంటుంది, డీ ఉంటుంది, నిన్నటిదాకా 'ఈ' డ్రైవ్ ఉన్న చోట శూన్యం. సామాను మాత్రం పెట్టెలోనే ఉంది. బటన్ నొక్కితే ట్రే బయటికొస్తుంది, తోస్తే లోపలికెళ్తుంది, చిన్న దీపం కూడా వెలుగుతుంది. అదెవరో కంప్యూటర్‌కే తెలియదు.

అసలు కనబడకపోవడం ఒక రకం. కనబడుతూ రాయనిది ఇంకో రకం. దీంతోనే నాకు పిచ్చెక్కుతుంది. పాత పాటల సీడీ పెడితే పాడుతుంది. ఖాళీ డిస్కు పెడితే 'డిస్కు పెట్టండి' అని అడుగుతుంది. పెట్టాను కదయ్యా! డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి ప్రాపర్టీస్ చూస్తే నింపాదిగా ఒక వాక్యం: 'ఈ డివైస్ సరిగ్గా పనిచేస్తోంది.' పాస్‌బుక్కులో పొలం ఉందిగా, చేలో లేకపోతే మమ్మల్నేం చేయమంటావ్ అన్నట్టుంటుంది ఆ జవాబు. పనిచేస్తోందని ఎవరు చెప్పారు? డ్రైవర్ చెప్పింది. డ్రైవర్‌ని ఎవరడిగారు? విండోస్ అడిగింది. ఇద్దరూ తృప్తిగా ఉన్నారు. చేతిలో ఖాళీ డిస్కుతో నిలబడ్డవాణ్ణి అడిగే ఏర్పాటు మాత్రం లేదు.

సరే, ట్రబుల్‌షూటర్. ఆకుపచ్చ గీత అటూ ఇటూ తిరుగుతుంది, చాలాసేపు ఏదో వెతుకుతుంది, చివరికి సమస్య ఏమిటో గుర్తించలేకపోయానంటుంది. అభిప్రాయం చెప్పమని మాత్రం మర్చిపోకుండా అడుగుతుంది.

అప్పుడు మొదలవుతుంది అసలు వైద్యం. రిజిస్ట్రీ తెరవాలట. అందులో 4డీ36ఈ965తో మొదలై 32 అక్షరాలూ అంకెలూ ఉన్న ఒక కీ వెతకాలట. దాని కుడిపక్క 'అప్పర్‌ఫిల్టర్స్', 'లోయర్‌ఫిల్టర్స్' అని రెండు పేర్లుంటాయి, వాటిని చెరిపేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలట. ఎందుకంటే, ఎప్పుడో వేసుకున్న సీడీ రాసే సాఫ్ట్‌వేరో, పాటల ప్లేయరో విండోస్‌కీ డ్రైవ్‌కీ మధ్య తన మనిషిని కూర్చోబెట్టుకుంది. సాఫ్ట్‌వేర్ పోయింది, ఆ పేరు మిగిలింది. కొత్త విండోస్ వచ్చి ఆ పేరున్న ఫైలు కోసం వెతికి, దొరక్క, కోడ్ 39 అనో కోడ్ 19 అనో పసుపు త్రికోణం అంటించి, మొత్తం డ్రైవ్‌నే పక్కన పెడుతుంది.

ఇది కొత్తగా పుట్టిన జబ్బా? ఎక్స్‌పీ కాలం నుంచీ ఉన్నదే. ఈ మందును మైక్రోసాఫ్టే తన సహాయ పేజీల్లో ఏళ్ల తరబడి రాసి పెట్టింది. జబ్బు తెలుసు, మందు తెలుసు. గిగాబైట్లకు గిగాబైట్లు దించుకుని, నాలుగైదుసార్లు రీస్టార్ట్ అయ్యి, డెస్క్‌టాప్ నిండా తన సరుకు పరిచే అప్‌గ్రేడ్‌కి ఈ రెండు వరుసలు తుడవడానికి తీరిక లేదు. ఆ పని మనది. పైగా హెచ్చరిక: రిజిస్ట్రీలో పొరపాటు చేస్తే కంప్యూటర్ లేవకపోవచ్చు, ముందు బ్యాకప్ తీసుకోండి. దేని మీద తీసుకోవాలి? డిస్కు మీదా?

ఈ గోల వెళ్లబోసుకుంటే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: 'ఈ రోజుల్లో డిస్కులెవరు వాడుతున్నారండీ?' నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎంఆర్ఐ తీయించుకున్న మనిషి చేతిలో సీడీ పెట్టి పంపే స్కానింగ్ సెంటర్లు ఇంకా ఉన్నాయి. జూలై 1, 2024 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం తెరిచి చూడండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ నమూనాలో సీడీ/డీవీడీ అని విడిగా ఒక గడి ఉంది. చట్టం గడి కేటాయించిన వస్తువును కాలం చెల్లిందనడానికి మీరెవరు? వకీలు గుమాస్తా, జిల్లా కేంద్రంలో ఫోటో స్టూడియో నడిపేవాడు, వీళ్లేమీ మ్యూజియం కాపలాదారులు కారు. రేపు వాయిదా ఉన్నవాడు రిజిస్ట్రీలో కీ వెతుక్కుంటూ కూర్చోవాలా?

వెనక్కి వెళ్లొచ్చుగా అంటారు. వెళ్లొచ్చు, పది రోజుల్లోగా. డీవీడీ రైటర్‌తో నెలకోసారి పనిపడేవాడికి, అది పోయిందని తెలిసేసరికి ఆ తలుపు మూసేసి ఉంటుంది. ఇది సౌకర్యమా, ఎగతాళా?

ఇంకో సలహా, బయట తగిలించుకునే యూఎస్‌బీ రైటర్ కొనుక్కోమని. బాగుంది, పాతదాన్ని పాడుచేసింది వాళ్లు, కొత్తదానికి డబ్బు మనది. విండోస్ 8తో డీవీడీ సినిమా చూసే సౌకర్యం తీసేసి, పదిలో దాన్నే వేరే యాప్‌గా వెలకట్టి అమ్మినవాళ్ల నుంచి ఇంతకంటే ఏం ఆశిస్తాం!

అప్‌గ్రేడ్‌కి ముందు పీసీ హెల్త్ చెక్ అని ఒక యాప్ ఉంది కదా. టీపీఎం 2.0 ఉందా, సెక్యూర్ బూట్ ఉందా, ప్రాసెసర్ తమ జాబితాలో ఉందా అని పెళ్లిచూపుల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు వేస్తుంది. ఆ రెండు ఫిల్టర్ల పేర్లు రిజిస్ట్రీలో ఉన్నాయో లేదో అదే చూసి, 'మీ రైటర్ పోవచ్చు, కానివ్వమంటారా?' అని ఒక్క ముక్క అడగమనండి. వద్దు అనే బటన్‌ని మాత్రం కానివ్వండి అనే నీలం బటన్ అంత సైజులోనే పెట్టమనండి.