ముందు గాజు తిరగేశాను

కెమెరా కొన్న ప్రతివాడికీ ఒకనాటికి ఈ పిచ్చి పడుతుంది: నా ఫోటో చూడగానే ఇది ఫలానావాడు తీసిందని జనం చెప్పుకోవాలి. మీకూ పట్టే ఉంటుంది, కాకపోతే మీరు బయటపడలేదు. నేను పడ్డాను.

నా దగ్గరున్న కొత్త లెన్సుకి వంక పెట్టడానికి లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. సరిగ్గా అదే నాకు కంటగింపైంది. అదే లెన్సు ఊళ్లో అందరి మెడల్లోనూ వేలాడుతోంది, అందరి ఫోటోలూ ఒక్కలాగే ఉంటున్నాయి. నా కళ్లల్లోనేమో చిన్నప్పటి నుంచీ 'మాయాబజార్' వెన్నెల ఉంది. 1957లో మార్కస్ బార్ట్లీ ఆ నలుపు తెలుపు తెర మీద పండించిన మెత్తని వెలుగులో ఇసుమంతైనా నా ఫోటోల్లోకి రావాలని కోరిక.

అలా వెతుకుతుంటే తగిలింది హీలియోస్ 44-2. సోవియట్ రోజుల్లో జెనిట్ కెమెరాలతో పాటు వచ్చిన 58 మిల్లీమీటర్ల లెన్సు. జర్మనీ కార్ల్ జైస్ వాళ్ల బయోటార్‌ని చూసి తయారు చేశారు. లక్షల్లో తయారైంది కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకి తగిలించాలంటే మధ్యలో ఒక అడాప్టర్ చాలు. అందులో గాజు కూడా ఉండదు, ఉత్త గొట్టం.

దీని అందమంతా దీని లోపంలోనే ఉంది. వెనకాల దూరంగా ఉన్న వెలుగు చుక్కలు ఫ్రేము మధ్యలో గుండ్రంగా వస్తాయి. అంచుల దగ్గరకొచ్చేసరికి లెన్సు గొట్టమే ఆ వెలుగుని కొంత కోసేస్తుంది. దాంతో చుక్కలు బాదంపప్పుల్లా సన్నబడి, మధ్యనున్న మనిషి చుట్టూ వరసగా తిరిగి నిలబడతాయి. మొదటిసారి మా మేనకోడల్ని వేపచెట్టు ముందు నిలబెట్టి తీశాను. ఆకుల సందుల్లోంచి వచ్చిన ఎండంతా ఆ పిల్ల తల చుట్టూ సుడి తిరిగింది. ఆ ఫోటో చూసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

అక్కడితో ఆగి ఉంటే నేను మనిషినే. ముందు గాజుని తిరగేసి బిగిస్తే ఆ సుడి రెట్టింపవుతుందని ఎక్కడో చదివాను. లెన్సు మూతి దగ్గర పేరు చెక్కిన రింగు ఉంటుంది. రబ్బరు ముక్కతో అదిమి తిప్పితే వదులవుతుంది. దాని కింద గాజుని పట్టి ఉంచే ఇంకో రింగు. అదీ తీసి, లెన్సుని మెత్తని గుడ్డ మీద బోర్లిస్తే గాజు చేతిలోకి జారుతుంది. ఉబ్బెత్తు వైపు లోపలికి పెట్టి మళ్లీ బిగించడమే. గాజు అంచుల గుండా వచ్చే కిరణాలు ఇక మధ్య కిరణాలతో ఒక్కచోట కలవవు. నడిమధ్య చిన్న మేర మాత్రం స్పష్టంగా నిలుస్తుంది, మిగతాదంతా కరిగిపోతుంది. కరిగిపోవడం అంటే నిజంగానే కరిగిపోతుంది, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బాబాయి కూతురి నిశ్చితార్థం కుదిరింది. "మనింట్లో మనిషుండగా బయటివాడెందుకు బాబాయ్, నేను తీస్తాగా" అన్నాను. బాబాయి మురిసిపోయాడు. నేను అంతకంటే మురిసిపోయాను.

హాల్లో వెలుతురు తక్కువ, అపర్చర్ పూర్తిగా తెరిచి ఎఫ్ 2 దగ్గర పెట్టాను. దగ్గర నుంచి తీస్తే ఫోకస్ నిలిచే లోతు జానెడు కూడా ఉండదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఉంగరాలు మార్చుకున్నారు తీశాను, తాంబూలాలు తీశాను, అక్షింతలు తీశాను, మగపెళ్లివాళ్లు వరసగా నిలబడ్డారు తీశాను, తాతగారు తీశాను, కెమెరా వెనక చిన్న తెర మీద చూసుకుంటూ నాకు నేనే శభాష్ అనుకుంటూ తీశాను, కొత్త లెన్సు సంచిలోనే ఉంది, జిప్పు కూడా తీయలేదు, మర్నాడు ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఫోటోలు టీవీకి ఎక్కించాను.

"ఒరేయ్, మా వియ్యపురాలేదిరా?" అంది పిన్ని.

"అదుగో పిన్నీ, ఆ చివర, ఎర్రచీర."

"చీరుందిరా. మనిషేదీ?"

"దాన్ని బోకే అంటారు పిన్నీ..."

తర్వాతి ఫోటోలో తాతగారి పంచె ఉంది, మొహం లేదు. ఆ తర్వాతి దాంట్లో పెళ్లికొడుకు అక్కాబావలు ఒకరిలో ఒకరు కలిసిపోయారు. బాబాయి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తెలియక చేశానంటే మీరు క్షమిస్తారు. కానీ నాకు తెలుసు. 1840లో వియన్నాలో పెట్జ్వాల్ లెక్కలు కట్టిన లెన్సు నుంచి మెత్తదనం కోసమే పుట్టిన రోడెన్‌స్టాక్ ఇమాగాన్ దాకా, ఇలాంటివన్నీ రాణించేది పోర్ట్రెయిట్లకే. మధ్యన ఒకే మొహం, చుట్టూ వెలుగు. ఇరవైమంది వరస వాటికి పనికిరాదని పుస్తకాల్లో చదివినవాణ్నే. తాతగారి మొహం కంటే నాకు దక్కబోయే మెప్పు ముఖ్యమైపోయింది. ఆ సాయంత్రం నాకున్న జబ్బు అదొక్కటే.

అన్నట్టు, ఒక ఫోటో మిగిలింది. జనమంతా భోజనాలకు లేచాక చెల్లెలు ఒక్కతే కూర్చుని వేలికున్న ఉంగరం చూసుకుంటోంది. వెనక సీరియల్ బల్బుల దండ. మొహం మధ్యలో పడింది, దీపాలన్నీ చుట్టూ సుడి తిరిగాయి, చెంప మీద పొగమంచు లాంటి కాంతి. పిన్ని దాన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టింది. ఎవరు తీశారని అడిగితే మాత్రం మాట మారుస్తుంది. పెళ్లికి కొత్త లెన్సు తీసుకెళ్లి, ఎఫ్ 8 పెట్టి, ఫ్లాష్ వేసి, రెండు వైపుల వాళ్లనీ మళ్లీ నిలబెట్టి, ఒక్క మొహమూ వదలకుండా తీశాను. తాతగారి పక్కన నిలబడి తెరలో ఆయన మొహం ఆయనకి చూపించాను కూడా.

హీలియోస్ గాజు మాత్రం తిరగేసే ఉంది, మామూలుగా పెట్టడానికి చేతులు రావట్లేదు. దానికి తోడు మొన్న పాత ఇనుప సామాన్ల కొట్లో, మూతపడ్డ టాకీసు తాలూకు ప్రొజెక్టర్ లెన్సొకటి కనిపించింది. ఇత్తడి గొట్టం, మోయలేనంత బరువు. దానికి అపర్చరూ లేదు, ఫోకస్ రింగూ లేదు. ప్లంబింగ్ కొట్లో పీవీసీ పైపు ముక్క కోయించి, ముందుకీ వెనక్కీ జరిగేలా అమర్చుకుంటే పని నడుస్తుంది. పైపు తెచ్చేశాను. ఇంట్లో అడిగితే గీజరుకని చెప్పాను.