‘మూడు పెట్టునండ్రు’: ఒక బ్రిడ్జి పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: వేలం ముగిసింది. దక్షిణంవాడు మూడు నోట్రంపులు పాడాడు. అనగా తురుపు లేకుండా 13 పట్లలో 9 తెస్తానని మాట ఇచ్చాడు. 5 పట్లు లాగి ఆ మాట తప్పించడం తూర్పు పడమరల ధర్మం. పడమటివాడు ఇస్పేటు ఆరు దించాడు. ఉత్తరంవాడు డమ్మీ కనుక తన ముక్కలన్నీ బల్లమీద పరిచాడు. అందులోంచి ఇస్పేటు మూడు పడింది. ఇక తూర్పువాడి వంతు. ఏం వేయాలో తోచక అతని వేళ్ళు ముక్కల మీద తారాడుతుండగా కవి ఇలా హెచ్చరిస్తున్నాడు.

ఆ. చిన్న ముక్క వేయు చేయి రెండవదైన,
పెద్దదాని మూడు పెట్టునండ్రు;
కాని డమ్మి చూచి కాస్త యాగుము తండ్రి,
నేస్తమేమి యనెనొ నెమకి చూడు.

ప్రతిపదార్థం: చేయి రెండవదైన = పట్టులో తనది రెండో వంతైతే; చిన్న ముక్క వేయు = చిన్నది వేసి ఊరుకుంటాడు; మూడు = మూడో వంతువాడు; పెద్దదాని పెట్టున్ = తన దగ్గరున్న పెద్ద ముక్క పెడతాడు; అండ్రు = అని పెద్దలంటారు; కాని = అయినప్పటికీ; తండ్రి = ఓ నాయనా; డమ్మి చూచి = పరిచిన ముక్కలు చూసి; కాస్త ఆగుము = తొందరపడకు; నేస్తము ఏమి అనెనొ = ఎదుట కూర్చున్న జోడీ ఏం చెప్పాడో; నెమకి చూడు = వెతికి చూడు.

తాత్పర్యం: సూత్రం తెలిసినవాడు ముక్క వేస్తాడు, బల్ల చూసినవాడు ఆట ఆడతాడు.

విశేషాలు: ‘అండ్రు’ అన్నచోటే కవి చేతులు కడుక్కున్నాడు. తాను అనడం లేదు, ఎవరో అంటారట. ఎవరు? విస్టు ఆడిన పాతకాలపు వాళ్ళు. మామూలు విస్టులో డమ్మీ లేదు. నలుగురూ నాలుగు గుప్పిళ్ళు మూసుకునే ఆడేవారు. చీకట్లో నడిచేవాడికి గోడ పట్టుకోవడం ఎంత అవసరమో వారికి ఈ సూత్రం అంత. విస్టు కడుపున బ్రిడ్జి పుట్టింది. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఓడ ప్రయాణంలో కాంట్రాక్టు పద్ధతికి లెక్కలు కుదిర్చాడు. ఇప్పుడు తూర్పువాడికి తన 13, డమ్మీ 13, కలిపి 52లో సగం ముక్కలు కళ్ళెదుటే ఉన్నాయి. దీపం వెలిగాక కూడా గోడ తడుముకునేవాణ్ణి చూసి కవి ‘కాని’ అన్నాడు. పద్యానికి ప్రాణం ఆ రెండక్షరాల్లోనే ఉంది.

‘మూడు’ అన్నది శ్లేష. మూడవవాడు అని ఒక అర్థం. ‘వాడికి మూడింది’ అన్నప్పటి మూడడం రెండో అర్థం. ఆలోచించకుండా పెద్దది పెట్టినవాడికి రెండూ వర్తిస్తాయి.

‘కాస్త యాగుము’కు ‘కాస్త త్రాగుము’ అని క్లబ్బు ప్రతుల్లో పాఠాంతరం కనిపిస్తోంది. దానివల్ల ఛందస్సుకు లోటు లేదు, ఆటకే లోటు. కనుక గ్రాహ్యం కాదు.

పూర్వపక్షం: ఆగితే ఎదుటివాడు పసిగట్టడా? సమాధానం: డమ్మీ పరిచాక మొదటి పట్టులో మూడో చేయి ఆగడం సహజం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. చేతిలో ఆ రంగుది ఒంటి ముక్కే ఉన్నా, ఎదుటివాణ్ణి తప్పుదారి పట్టించడానికి తల గోక్కోవడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. కవి ఆగమన్నాడు, నటించమనలేదు.

‘ఏమి యనెనొ’: బల్లదగ్గర నేస్తం నోరు విప్పరాదు, దగ్గరాదు, కాలు తొక్కరాదు. మరి అనడమెలా? ముక్కతోనే. ఇక్కడ అతనన్నది ‘ఆరు’. పొడవైన రంగులో పైనుంచి నాలుగో ముక్క దించడం ఆనవాయితీ. జాకీ 11, రాణి 12, రాజు 13, ఆసు 14 అనుకుంటే ఆరుకు పైన 8 ముక్కలున్నాయి. అందులో 3 నేస్తం దగ్గరే ఉన్నాయి. మిగిలినవి 5. ఇంత తతంగం లేకుండా 11లోంచి ఆరు తీసేసినా అదే వస్తుంది. ఆర్. ఎఫ్. ఫాస్టర్ పేరు మీద చెలామణి అయ్యే పదకొండు సూత్రం ఇదే.

ఇప్పుడు బల్ల చూద్దాం. డమ్మీలో ఇస్పేటు రాణి, ఏడు, మూడు. తూర్పు చేతిలో రాజు, పది, ఎనిమిది. ఆరుకు పైవి అక్కడ 2, ఇక్కడ 3, అయిదూ తేలిపోయాయి. దక్షిణంవాడి దగ్గర ఆరును మించింది ఒక్కటీ లేదు! డమ్మీ మూడు వేసింది కనుక ఎనిమిది చాలు. ఆ తర్వాత రాజు. ఆ తర్వాత పది దించితే నేస్తం ఆసు వేస్తాడు, ఒంటరిగా మిగిలిన రాణి దానికింద పడుతుంది. నేస్తానివి ఆసు, జాకీ, తొమ్మిది, ఆరు, రెండు గనుక జాకీ, తొమ్మిది కూడా పట్లే. మొత్తం 5, కాంట్రాక్టు కూలింది. అదే మొదట రాజు వేస్తే? ఆ పట్టు వస్తుంది. కాని తర్వాత పది దించగానే డమ్మీలోని రాణి లేచి కూర్చుంటుంది. దక్షిణంవాడికి ఊపిరి ఆడుతుంది.

ఫలశ్రుతి: ఈ పద్యం అర్థమైనవారికి అన్ని పట్లూ వస్తాయని కవి మాట ఇవ్వలేదు. టీకాకారుడు స్వయంగా ఒకనాడు ఇదే చేతితో తూర్పున కూర్చుని, మూడో చేయి గదా అని రాజునే వేశాడు. ఎదుట కూర్చున్నది రిటైరైన లెక్కల మాస్టారు. ఆట ముగిసేదాకా ఆయన పల్లెత్తు మాట అనలేదు. ముక్కలు కలుపుతూ అడిగారు:

“పదకొండులో ఆరు పోతే ఎంతరా?”

“అయిదండీ, మాస్టారూ.”

“తెలుసన్నమాట.”

ఆ మాటకు టీక అక్కర్లేదు.