గొంతుంటే చాలనుకున్నాను

విశాఖ పోర్టులో ఓర్ బెర్తు దగ్గర ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి. బైలదిల్లా ఇనప రాయి కేకే లైను మీద కొత్తవలస మీదుగా వచ్చి, ఇక్కడ ఓడెక్కి జపాను పోవడం కళ్లారా చూశాను. ఆ చుట్టరికం చాల్లే అనుకుని రిటైరయ్యాక గాజువాకలో జపనీస్ క్లాసులో చేరాను. తోటివాళ్లంతా అచ్యుతాపురం యొకొహామా టైర్ల ఫ్యాక్టరీ మీద ఆశ పెట్టుకున్న ఇంజినీరింగు పిల్లలు. "మీకెందుకు అంకుల్ ఇదంతా?" అనేవారు.

పైకి చదవమంటే వాళ్లు గొణిగేవారు. నేను ఖంగుమనిపించేవాణ్ణి. హిరగానా మన లిపిలాగే, రాసింది రాసినట్టు చదివితే చాలావరకు సరిపోతుంది. కాంజీ అక్షరాలొస్తే పైన పెన్సిలుతో తెలుగులో రాసేసుకునేవాణ్ణి. దానికితోడు కుర్రతనంలో హరిశ్చంద్ర పద్యాలు పాడిన గొంతాయె. వాక్యం చివర 'దెసు'లో ఉకారాన్ని జపానువాళ్లు మింగేసి 'దెస్' అంటారు. నేను సరిగ్గా అక్కడే రాగం అందుకునేవాణ్ణి. అచ్చు సాగితే అర్థమే మారిపోయే భాషండీ అది అని పంతులమ్మ చెబితే నేను వింటేనా!

ఓ సాయంత్రం లైబ్రరీ నోటీసొకటి చదవమన్నారు. కాటిసీను లెవెల్లో చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. సెన్సేయ్ గారు, అంటే మా పంతులమ్మ, "బాగుందండీ. ఇంతకీ లైబ్రరీకి సెలవెప్పుడట?" అన్నారు.

గొంతు సవరించుకుని మళ్లీ మొదటినుంచీ చదవడం మొదలెట్టాను.

నవ్వులు సరే. అసలు నా బండారం ఊపిరి దగ్గర బయటపడిందని ఆవిడ తర్వాత చెప్పారు. జపనీస్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు. ఎక్కడ ఆగాలో అర్థమైనవాడికే తెలుస్తుంది. నేను ఆయాసం వచ్చినచోటల్లా ఆగేవాణ్ణి, 'రాముడి' అని ఊపిరి పీల్చుకుని 'కి' అన్నట్టు. జపనీస్‌లోనూ విభక్తి మాట వెనకాల, క్రియ చిట్టచివర, అచ్చం మన వరసే. పుట్టుకతో వచ్చిన ఆ సుళువుని గాలికొదిలేసి గొంతు పట్టుకు వేలాడాను. నా పక్కన గొణిగే పిల్ల మాత్రం ఆగాల్సినచోటే ఆగేది.

ఇప్పుడు ముందు లోపల చదువుకుంటున్నాను. ఆగే చోట్ల పెన్సిలు గీతలు పెట్టుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతున్నాను.

డిసెంబరులో జరిగే జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు, ఎన్5కి కట్టాను. అందులో మాట్లాడే పేపరే లేదు. చదివిందీ విన్నదీ బుర్రకెక్కిందా లేదా, అంతే. ఈ సంగతి ముందే తెలిస్తే రోజూ అన్నేసి మిరియాల పాలు తాగేవాణ్ణి కాదు.